బిళ్ళ ముట్టని మా తమ్ముడికి బెంజో పాజిటివ్! ఎక్కడి నుంచి వచ్చింది?

ఇందూరు_అన్న · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నిజామాబాద్ దగ్గర పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు, వెల్డింగు పని. గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైంది. వీసాకు ముందు కంపెనీ వాళ్లు చెప్పిన చోట వైద్య పరీక్షలు చేయించాం. రక్తం, ఎక్స్‌రే అన్నీ బాగున్నాయి. మూత్ర పరీక్షలో మాత్రం "బీజెడ్ఓ పాజిటివ్" అని రాసిచ్చారు. అదేమిటని అడిగితే, "బెంజోడయాజెపీన్, అంటే నిద్రమాత్రల జాతి, ఎందుకు వేసుకున్నావో నీకే తెలియాలి" అన్నాడట అక్కడి మనిషి.

మావాడికి పడుకుంటే తెల్లవారేదాకా లేచే అలవాటే లేదు, వాడికి నిద్రమాత్ర ఎందుకు? ఇంట్లో అమ్మ ఏడుస్తోంది, నాన్న వాడితో మాట మానేశాడు. ఏజెంటు రెండు వారాల గడువు ఇచ్చాడు. బిళ్ళ వేసుకోకుండా మూత్రంలోకి బిళ్ళ ఎలా వస్తుంది? తెలిసినవారు చెప్పండి.

గీతలు_చూసేవాడు · శనివారం, రాత్రి 10:05

పదకొండేళ్లుగా ల్యాబులో ఇదే పని, అందుకే ముందు ఒక మాట అడుగుతాను. ఆ పరీక్ష పట్టీ మీద చేశారా, మెషీన్ మీద చేశారా? పట్టీ అయితే చూసినవాడు సరిగా చదివాడో లేదో కూడా ఆలోచించాలి.

గర్భ పరీక్ష పట్టీలో రెండో గీత పడితే ఉన్నట్టు. మత్తు పదార్థాల పట్టీలో తిరగబడుతుంది: గీత పడితే లేనట్టు, పడకపోతే ఉన్నట్టు. పట్టీలో రంగు పూసిన యాంటీబాడీలు ఉంటాయి. మూత్రంలో మందు లేకపోతే అవి పైకి పాకి గీత దగ్గర అంటించి ఉన్న మందు అణువులను పట్టుకుంటాయి, గీత కనబడుతుంది. మూత్రంలోనే మందు ఉంటే దారిలోనే చేతులు నిండిపోతాయి, గీత దగ్గర పట్టుకోవడానికి ఏమీ మిగలదు. లేత గీత పడినా అది నెగటివే. కొత్త కుర్రాళ్లు లేత గీతను చూసి "సగం పాజిటివ్" అని రాయడం నేను కళ్లారా చూశాను. సగం పాజిటివ్ అనేది లేదు.

ఇంకొకటి. మార్కెట్లో ఎక్కువ పట్టీల హద్దు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో నూరుకోట్లవ వంతు. ఆ హద్దు దాటిందా లేదా అన్నదే పట్టీ చెబుతుంది. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నవి దానికి తెలియవు.

గాలిపటం_77 · శనివారం, రాత్రి 10:11

*[ఈ సందేశాన్ని నిర్వాహకులు తొలగించారు]*

నిర్వాహకుడు · శనివారం, రాత్రి 10:30

పరీక్షను ఎలా ఏమార్చాలో చెప్పే చిట్కాలు ఇక్కడ వద్దు. మీరు రాసిన వాటిలో సగం పనిచేయవు, మిగతా సగం ఒంటికి చేటు.

గీతలు_చూసేవాడు · శనివారం, రాత్రి 10:42

తొలగించకముందు చదివాను. నీళ్లతో పలచన చేస్తే మాకు తెలియదనుకుంటారు. క్రియాటినిన్ (మూత్రంలో మామూలుగా ఉండే వ్యర్థం) చూస్తాం, సాంద్రత చూస్తాం. క్రియాటినిన్ డెసీలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఆ నమూనా మీదే అనుమానం రాసి పంపుతాం. అప్పుడు పాజిటివ్ కంటే పెద్ద తలనొప్పి.

చీటీ_శాస్త్రి · ఆదివారం, ఉదయం 7:15

ఇందూరు అన్నగారూ, నేను మందుల దుకాణం నడుపుతాను. "బిళ్ళ వేసుకోలేదు" అనేవాళ్లలో చాలామంది అబద్ధం చెప్పరు. వాళ్లు వేసుకున్న బిళ్ళలో ఏముందో వాళ్లకు తెలియదు, అంతే. గత నెల రోజుల్లో మీవాడు వాడిన ప్రతి మందు అట్టా వెతకండి. కడుపు నొప్పికి, గ్యాసుకు, తలనొప్పికి, గుండె దడకు, దేనికైనా సరే. వెనకవైపు సన్న అక్షరాల్లో "-జెపాం", "-జోలం", "-జెపాక్సైడ్" అని ముగిసే పేరు ఉందేమో చూడండి.

మన దేశంలో ఈ జాతి మందులను ఇంకో మందుతో కలిపి అమ్మడం బాగా అలవాటు. కడుపులో మెలిపెట్టే నొప్పికి ఇచ్చే మాత్రలో క్లోర్‌డయాజెపాక్సైడ్, దడకు ఇచ్చేదానిలో ప్రోప్రనలాల్‌తో పాటు క్లోనజెపాం లేదా ఎటిజోలం, దిగులుకు ఇచ్చేదానిలో ఎస్సిటలోప్రాంతో పాటు క్లోనజెపాం. తీసుకునేవాళ్లు "గ్యాస్ బిళ్ళ" అనే చెబుతారు.

ఇందూరు_అన్న · ఆదివారం, ఉదయం 11:20

శాస్త్రి గారూ, మీ నోట్లో చక్కెర పోయాలి! దొరికింది. కిందటి నెల కడుపు నొప్పి వస్తే మా ఊరి డాక్టరు గారు పది రోజులకు రాశారు. అట్టా వెనక మూడు పేర్లున్నాయి, మధ్యలోది క్లోర్‌డయాజెపాక్సైడ్. చీటీ కూడా ఉంది. కానీ వాడు ఆపి తొమ్మిది రోజులైన తర్వాత పరీక్ష జరిగింది. తొమ్మిది రోజులు ఒంట్లో ఉంటుందా?

చీటీ_శాస్త్రి · ఆదివారం, మధ్యాహ్నం 12:50

ఉంటుంది, ఎందుకుంటుందో చెబుతాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. ఆదివారం భోజనం ఇంకా పొయ్యి మీదే ఉంది.

క్లోర్‌డయాజెపాక్సైడ్ ఈ వంశానికి పెద్దకొడుకు. లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త అమెరికాలో రోష్ కంపెనీకి పనిచేస్తూ కనిపెట్టాడు, 1960లో లిబ్రియం పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1963లో అదే చేతి మీదుగా డయాజెపాం, అంటే వాలియం.

ఇప్పుడు అసలు విషయం. క్లోర్‌డయాజెపాక్సైడ్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి మూత్రపిండం దాన్ని ఉన్నదున్నట్టు బయటికి నెట్టలేదు. కాలేయం దాన్ని చెక్కి, అతికి, నీళ్లలో కరిగేలా మార్చాలి. ఆ మార్పు ఒక్క దెబ్బతో అవదు. మొదట ఒక మిథైల్ ముక్క ఊడుతుంది, తర్వాత డెమాక్సెపాం అవుతుంది, అది నార్‌డయాజెపాం అవుతుంది, అది ఆక్సాజెపాం అవుతుంది. చివరకు ఆక్సాజెపాంకు గ్లూక్యురానిక్ ఆమ్లం తగిలిస్తే నీళ్లలో కరిగి మూత్రంలోకి దిగుతుంది. నడుమ వచ్చే ఈ పదార్థాలు పనికిరాని చెత్త అనుకోకండి, ఇవి కూడా మత్తునిచ్చే మందులే. ఆక్సాజెపాంను కంపెనీలు తర్వాత విడిగా మాత్ర చేసి అమ్ముకున్నాయి కూడా! మన కాలేయం ఉచితంగా చేసేదానికి పెట్టె, అట్టా, ధర.

డయాజెపాం దారి కూడా ఇక్కడికే వస్తుంది. ఒక కొమ్మ నార్‌డయాజెపాం మీదుగా, ఇంకో కొమ్మ టెమాజెపాం మీదుగా ఆక్సాజెపాం చేరుతుంది. క్లోరాజెపేట్ అయితే కడుపులోని ఆమ్లానికే నార్‌డయాజెపాం అయిపోతుంది. వేర్వేరు ఊళ్ల బస్సులన్నీ ఒకే బస్టాండుకు వచ్చినట్టు.

అందులో నార్‌డయాజెపాంది మహా బద్ధకం. ఒంట్లో సగానికి తగ్గడానికే చాలామందిలో నూరు గంటల దాకా తీసుకుంటుంది. సగం, సగంలో సగం అని ఐదుసార్లు లెక్కపెడితే 500 గంటలు, అంటే దాదాపు మూడు వారాలు. పది రోజులు రోజూ వేసుకున్నవాడికి తొమ్మిదో రోజున కనబడటం వింతేమీ కాదు.

కావలి_కమల · ఆదివారం, సాయంత్రం 4:05

ఈ చర్చ చదువుతుంటే నాది సరిగ్గా దీనికి తలకిందుల కథ అనిపించింది. మా అమ్మకు 68 ఏళ్లు, మూర్ఛకు రెండేళ్లుగా క్లోనజెపాం వాడుతోంది. ఈ మధ్య తూలి పడితే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మందు ఎక్కువైందేమోనని మూత్ర పరీక్ష చేస్తే బెంజో నెగటివ్! అక్కడి చిన్న డాక్టరు, "ఆవిడ మందులు వేసుకోవడం లేదు, పారేస్తున్నారు" అని మా ముందే అనేశాడు. అమ్మ ఆ మాటకు రెండు రోజులు అన్నం ముట్టలేదు. రోజూ రాత్రి నేనే నా చేత్తో ఇస్తాను. నా చెయ్యి అబద్ధమా, పట్టీ అబద్ధమా?

గీతలు_చూసేవాడు · ఆదివారం, సాయంత్రం 4:40

కమల గారూ, మీ చెయ్యి నిజం, పట్టీ కూడా అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగకూడని ప్రశ్న అడిగారు.

చాలా పట్టీలలో యాంటీబాడీని ఆక్సాజెపాం ఆకారానికో, నార్‌డయాజెపాం ఆకారానికో సరిపడేలా తయారు చేస్తారు. ఎందుకంటే, శాస్త్రి గారు చెప్పినట్టు, పాత మందులన్నీ ఆ బస్టాండుకే వస్తాయి. క్లోనజెపాం ఆ బస్టాండు గడప తొక్కదు. దాని ఒంటి మీద ఒక నైట్రో గుంపు ఉంటుంది. కాలేయం దాన్ని అమినోగా మార్చేస్తుంది. వచ్చేది 7-అమినోక్లోనజెపాం. మందు మందుగా మూత్రంలోకి వచ్చేది నూటికి 2 వంతుల లోపే. ఆ 7-అమినో రూపాన్ని చాలా పట్టీలు సరిగా గుర్తుపట్టవు. నైట్రజెపాంది కూడా ఇదే వరస.

మందు వాడుతున్నారో లేదో తెలియాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీకి (అణువుల బరువును బట్టి ఏ పదార్థమో తేల్చే పరీక్షకు) పంపి, 7-అమినోక్లోనజెపాం అని పేరు పెట్టి వెతకమనాలి. పేరు చెప్పకపోతే కొన్ని ల్యాబుల జాబితాలో అది ఉండదు కూడా.

రాత్రి_డ్యూటీ · ఆదివారం, రాత్రి 11:55

మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను. పైన ఇద్దరూ చెప్పింది సరైనదే. లోరజెపాం సంగతి కూడా కలుపుతాను, అది ఇంకో రకం దొంగ. దానికి కాలేయంలో మలుపులేమీ లేవు. నేరుగా గ్లూక్యురానిక్ ఆమ్లం తగిలించుకుని బయటికి పోతుంది. ఆ తగిలింపు పెద్ద దుప్పటిలాంటిది, యాంటీబాడీకి లోపలి ముఖం కనబడదు. అందుకే మంచి ల్యాబులు పరీక్షకు ముందు ఒక ఎంజైము వేసి ఆ దుప్పటి లాగేస్తాయి. ఆ ఎంజైమును నత్తల నుంచి తీసే పద్ధతి చాలాకాలంగా ఉంది. నత్త కడుపులోది మనిషి మూత్రంలో గుట్టు విప్పుతుందంటే మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను.

కాలేయం చెడినవాళ్లకు మేము లోరజెపాం, ఆక్సాజెపాం వైపు మొగ్గేది కూడా ఇందుకే. ఈ తగిలింపు పని కాలేయం బాగా దెబ్బతిన్నా చాలావరకు నడుస్తుంది. చెక్కే పని అలా కాదు, అది ముందే మందగిస్తుంది.

కమల గారూ, అమ్మ తూలడం గురించి: పరీక్ష నెగటివ్ వచ్చింది కాబట్టి మందు కారణం కాదని అనుకోవద్దు. వయసుతో ఈ మందులు ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి. డయాజెపాం గురించి పాత లెక్క ఒకటి ఉంది: సగానికి తగ్గడానికి పట్టే గంటలు స్థూలంగా మనిషి వయసెంతో అంత, ఇరవై ఏళ్లకు ఇరవై గంటలు. క్లోనజెపాంకు ఆ లెక్క అచ్చంగా వర్తించకపోయినా, పెద్దవాళ్లలో తూలి పడటానికి ఈ జాతి మొత్తం కారణమవుతుంది. మోతాదు గురించి ఆవిడ నరాల డాక్టరుతో మాట్లాడండి. మీరే ఆపేయకండి, మూర్ఛ రోగికి అది ప్రమాదం.

డల్లాస్_బాబాయి · సోమవారం, ఉదయం 8:20

ఇక్కడ అమెరికాలో ఉండి నాకు జరిగింది చెబుతాను. నేను సెర్ట్రలీన్ వాడతాను, దిగులుకు. కొత్త ఉద్యోగంలో పరీక్ష పెడితే బెంజో పాజిటివ్. నా ముఖం చూడాలి అప్పుడు! తర్వాత తెలిసింది, సెర్ట్రలీన్ వల్ల ఈ పరీక్షలో తప్పుడు పాజిటివ్ రావచ్చని ఆ మందుతో వచ్చే కాగితంలోనే అచ్చేశారు. రెండో దశ పరీక్షకు పంపితే ఏమీ లేదని తేలింది. ఇంకో విడ్డూరం, ఇక్కడ లారీ డ్రైవర్లకు ప్రభుత్వ నిబంధన ప్రకారం చేసే పరీక్షలో బెంజోలు అసలు లేవు. కంపెనీలు తమంతట తాము కలుపుకుంటాయి.

మరో సందేహం. నా స్నేహితుడూ నేనూ ఒకే నెలలో వెన్ను నొప్పికి ఒకే మోతాదు డయాజెపాం వాడాం. అతనికి వారంలో పోయింది, నాకు మూడు వారాలు కనబడింది. నాకే ఎందుకు?

చీటీ_శాస్త్రి · సోమవారం, ఉదయం 9:10

బాబాయి గారూ, తాతలు ఇచ్చింది ఆస్తి ఒక్కటే కాదు. డయాజెపాంను చెక్కే ఎంజైముల్లో ముఖ్యమైనవి రెండు: సీవైపీ 2సీ19, సీవైపీ 3ఏ4. మొదటిదాని జన్యువులో పని చేయని రూపం ఒకటి ఉంది, దక్షిణాసియా వాళ్లలో అది చాలా ఎక్కువ, మూడు ప్రతుల్లో ఒకటి అదే అనుకోవచ్చు. అమ్మ నుంచి, నాన్న నుంచి రెండూ అవే వస్తే డయాజెపాం ఒంట్లో తిష్ట వేస్తుంది. దీనికి తోడు ఎసిడిటీకి ఒమెప్రజోల్ వాడుతున్నారా? అది కూడా ఆ ఎంజైమునే అణచిపెడుతుంది. ఆల్ప్రజోలం, మిడజోలం మాత్రం 3ఏ4 మీద ఆధారపడతాయి. వాటికి అడ్డం వచ్చేవి ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్ లాంటివి.

డల్లాస్_బాబాయి · సోమవారం, ఉదయం 9:31

ఒమెప్రజోల్ పదేళ్లుగా! ఆవకాయ మానలేక అది వాడుతున్నాను.

మెతుకుసీమ · సోమవారం, మధ్యాహ్నం 1:15

అందరూ బిళ్ళల గురించే మాట్లాడుతున్నారు. నిజామాబాద్ అన్న చెప్పాడు కాబట్టి అడుగుతున్నాను, మొహమాటం వద్దు: తమ్ముడు కల్లు తాగుతాడా?

ఇందూరు_అన్న · సోమవారం, మధ్యాహ్నం 2:02

పల్లెలో కల్లు తాగనివాడెవరు అన్నా! పని నుంచి వచ్చి డిపో దగ్గర ఒక సీసా తాగుతాడు. కల్లుకూ దీనికీ సంబంధం ఏమిటి?

మెతుకుసీమ · సోమవారం, మధ్యాహ్నం 2:20

సంబంధం అంతా అక్కడే ఉందేమో. చెట్టు ఇచ్చే కల్లు కొద్ది, అడిగేవాళ్లు ఎక్కువ. ఆ లోటు నీళ్లతో, శాకరిన్‌తో పూడుస్తారు. నీళ్లు కలిపితే కిక్కు తగ్గుతుంది, దానికి పొడి కలుపుతారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డయాజెపాం, ఇప్పుడు ఎక్కువగా ఆల్ప్రజోలం. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి జనం ఆసుపత్రి పాలై, ప్రాణాలు కూడా పోయినప్పుడు నమూనాల్లో బయటపడింది ఆల్ప్రజోలమే.

తాటివనం_తాత · సోమవారం, సాయంత్రం 5:48

మాది గీత పని చేసే కుటుంబం. మూడు తరాలు మోకు ముస్తాదు మోశాం. నాయనలారా, ఒక విన్నపం. చెట్టు కింద దించుకుని తాగే కల్లు వేరు, సీసాల్లో పోసి వచ్చే డిపో కల్లు వేరు. పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది, అదే దాని మత్తు. పొడి కలిపేవాడు చెట్టెక్కడు. చెట్టెక్కేవాడికి ఆ పొడి కొనే డబ్బు ఎక్కడిది? పేరు మాత్రం మాకు వస్తుంది. సీసా తాగి గంటలో కాళ్లు తేలిపోయి, మాట ముద్దయి, పొద్దున ఏం జరిగిందో గుర్తులేకపోతే అది కల్లు పని కాదు.

గీతలు_చూసేవాడు · సోమవారం, సాయంత్రం 6:30

తాత మాట నూటికి నూరు పాళ్లు నిజం, దండం. ఇక మన లెక్కకు వద్దాం. ఇప్పుడు మనకు ఇద్దరు అనుమానితులు. ఒకరు చీటీ ఉన్న క్లోర్‌డయాజెపాక్సైడ్, ఇంకొకరు చీటీ లేని కల్లు. పట్టీ ఇద్దరినీ వేరు చేయలేదు. ఆల్ప్రజోలం ఆక్సాజెపాం కాకపోయినా, చాలా పట్టీలు దాన్నీ పట్టుకుంటాయి. (క్లోరల్ హైడ్రేట్ అయితే ఈ పట్టీకి కనబడదు, అది ఈ జాతే కాదు.)

రెండో దశ పరీక్ష వేరు చేస్తుంది. ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో ఎల్‌సీ-ఎంఎస్ (పైన చెప్పిన మాస్ స్పెక్ట్రోమెట్రీ) పద్ధతిలో నిర్ధారణ పరీక్ష అడగండి. అదే నమూనాలో మిగిలిన భాగం ఉంటే దానితోనే చేయించడం మేలు. ఫలితంలో పేర్లు చూడాలి:

ఆల్ఫా-హైడ్రాక్సీ ఆల్ప్రజోలం కనబడితే ఆల్ప్రజోలం ఒంట్లోకి వెళ్లిందన్నమాట, దానికి ఇంకో దారి లేదు. నార్‌డయాజెపాం, ఆక్సాజెపాం ఉండి టెమాజెపాం లేకపోతే కడుపు బిళ్ళకు సరిపోతుంది. టెమాజెపాం కూడా ఉంటే డయాజెపాం వైపు చూడాలి. టెమాజెపాం లేకపోవడం ఒక్కటే రుజువు అనను, కానీ చీటీతో కలిపి చూస్తే బలం ఉంటుంది.

దోహా_దారి · సోమవారం, రాత్రి 8:00

పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉన్నవాడిగా ఒక హెచ్చరిక. చీటీ ఉంది కదా అని ఈ బిళ్ళలు సంచిలో వేసుకుని విమానం ఎక్కవద్దు. ఎమిరేట్స్‌లో వీటికి అక్కడి ప్రభుత్వం నుంచి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. మిగతా దేశాలకూ ఎవరి నియమాలు వారికున్నాయి. మన దగ్గర కూడా ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోర్‌డయాజెపాక్సైడ్ హెచ్1 జాబితా మందులే, శాస్త్రి గారికి తెలుసు.

చీటీ_శాస్త్రి · సోమవారం, రాత్రి 8:25

తెలియకేం. 2014 మార్చి నుంచి అమలు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, రోగి పేరు, డాక్టరు పేరు విడి పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. మా దుకాణంలో రాస్తాం. రాయని దుకాణాలు లేవని ప్రమాణం చేయలేను.

ఇందూరు_అన్న · తరువాతి ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఫలితం వచ్చింది. అక్షరం అక్షరం చూసి రాస్తున్నాను. నార్‌డయాజెపాం: ఉంది, తక్కువ. ఆక్సాజెపాం: ఉంది. టెమాజెపాం: లేదు. ఆల్ఫా-హైడ్రాక్సీ ఆల్ప్రజోలం: ఉంది, ఎక్కువ. లోరజెపాం, 7-అమినోక్లోనజెపాం: లేవు.

అంటే రెండూనా? చీటీ చూపిస్తే సగమే ఒప్పుకుంటారు కదా. డాక్టరు గారి చేత ఆల్ప్రజోలంకు కూడా పాత తేదీతో ఒక చీటీ రాయించుకోమని ఏజెంటు అంటున్నాడు.

రాత్రి_డ్యూటీ · ఆదివారం, మధ్యాహ్నం 3:41

ఆ పని చేయకండి. దొంగ చీటీ రేపు పాస్‌పోర్టు కంటే ముందు మీ తమ్ముడి మెడకు చుట్టుకుంటుంది. దానికంటే నాకు ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. రోజూ ఒక సీసా అన్నారు. నిజంగా ఒక్కటేనా, ఎన్నేళ్లుగా? పాజిటివ్ వచ్చిన తర్వాత భయపడి మానేశాడా?

ఇందూరు_అన్న · ఆదివారం, సాయంత్రం 4:10

ఇప్పుడే పక్కన కూర్చోబెట్టి అడిగాను. ఆరేళ్లుగా అట డాక్టర్ గారూ. రోజూ మూడు, నాలుగు సీసాలు. నాకు తెలియదు. పోయిన శుక్రవారం నుంచి మానేశాడు, ఉద్యోగం కోసమని. రెండు రాత్రులుగా నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, చెమటలు. జ్వరమేమో అనుకున్నాం.

రాత్రి_డ్యూటీ · ఆదివారం, సాయంత్రం 4:13

జ్వరం కాదు. ఈ రాత్రి ఆగకుండా ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. "రోజూ డిపో కల్లు, ఆరేళ్లు, రెండు రోజులుగా మానేశాడు, ఆల్ప్రజోలం బయటపడింది" అని చెప్పండి, కాగితం చూపించండి. దారిలో మళ్లీ కల్లు తాగించి సర్దిచెప్పే ప్రయత్నం వద్దు, ఆ సీసాలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

ఎందుకు తొందర పెడుతున్నానంటే, ఆల్ప్రజోలం సగానికి తగ్గడానికి పదకొండు గంటలు చాలు. నార్‌డయాజెపాం మెల్లగా దిగితే, ఇది మెట్లు లేని మేడ మీద నుంచి దూకినట్టు దిగుతుంది. ఆరేళ్లు దానికి అలవాటు పడిన మెదడు ఒకటి రెండు రోజుల్లోనే ఎదురు తిరుగుతుంది. వణుకు తర్వాత మూర్ఛలు, లేనివి కనబడటం. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారి ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఆసుపత్రులకు జనం ఇలాగే వచ్చారు.

తాటివనం_తాత · ఆదివారం, సాయంత్రం 4:20

బండి ఉందా నాయనా? లేకపోతే 108కి ఫోను చెయ్యి. ఆలోచించకు.

ఇందూరు_అన్న · ఆదివారం, సాయంత్రం 4:24

బయలుదేరాం.

కావలి_కమల · మంగళవారం, ఉదయం 10:00

ఇందూరు అన్నా, ఏమైంది? రెండు రోజులుగా ఈ పేజీ తెరిచి చూస్తూనే ఉన్నాను. మా అమ్మ సంగతి కూడా చెబుతాను: నిర్ధారణ పరీక్షలో 7-అమినోక్లోనజెపాం కనబడింది. కాగితం తీసుకెళ్లి ఆ చిన్న డాక్టరు ముందు పెట్టాను. అతను అమ్మకు క్షమాపణ చెప్పాడు, మంచి పిల్లవాడే. నరాల డాక్టరు మోతాదు సగం చేశారు.

ఇందూరు_అన్న · శనివారం, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి. ఆ రాత్రి ఆసుపత్రి గుమ్మంలోనే వాడికి మూర్ఛ వచ్చింది. గుమ్మంలో కాబట్టి బతికాడు అన్నారు అక్కడి డాక్టరమ్మ. ఐదు రోజులు ఉంచి నిన్న ఇంటికి పంపారు. ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియని విషయం: వాడికి రాసిచ్చిన మందు డయాజెపాం! వారం వారం కొద్దిగా తగ్గిస్తామన్నారు. కంపెనీకి ఉన్నది ఉన్నట్టు రాశాను. ఈ ఉద్యోగం ఇవ్వలేమని, ఆరు నెలల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని జవాబు వచ్చింది. నాన్న మాట్లాడుతున్నాడు వాడితో. నాన్న కూడా అదే డిపోలో తాగుతాడు, ఆయన్ను కూడా చూపించాలి, ఒప్పుకోవడం లేదు.

ఒక్క సందేహం. డయాజెపాం మూడు వారాలు ఒంట్లో ఉంటుందన్నారు కదా, మరి ఇప్పుడు పరీక్ష చేస్తే మళ్లీ పాజిటివే వస్తుందా?

రాత్రి_డ్యూటీ · శనివారం, రాత్రి 9:50

వస్తుంది, రావాలి కూడా. పరీక్షలో మీకు ఇబ్బంది పెట్టిన ఆ బద్ధకమే చికిత్సలో మాకు పనికొస్తుంది. అది మెల్లగా దిగుతుంది కాబట్టే ఆల్ప్రజోలం స్థానంలో దాన్ని పెట్టి మెట్లు మెట్లుగా దించుతాం. నాన్నగారిని బలవంతంగా మాన్పించవద్దు, తమ్ముడికి జరిగినట్టే జరుగుతుంది. ముందు మాటల్లో పెట్టండి. రావడానికి ఒప్పుకోకపోతే 14446కు గానీ, టెలీ మానస్ 14416కు గానీ ఆయన చేతే ఫోను చేయించండి, తెలుగులో మాట్లాడతారు.

గీతలు_చూసేవాడు · శనివారం, రాత్రి 10:08

ఈసారి పరీక్ష చేయిస్తే పాజిటివ్, నెగటివ్ అన్న మాట పట్టించుకోవద్దు. నిర్ధారణ కాగితంలో నాలుగు గళ్లు చూడండి. నార్‌డయాజెపాం, టెమాజెపాం, ఆక్సాజెపాం ఉండాలి, అవి చీటీలో మందువి. ఆల్ఫా-హైడ్రాక్సీ ఆల్ప్రజోలం ఉండకూడదు, అది డిపోది.

ఇందూరు_అన్న · శనివారం, రాత్రి 10:15

నాలుగు పేర్లూ నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. శుక్రవారం మళ్లీ ఓపీకి రమ్మన్నారు. కల్లు మానడానికి కాదు, నా మోకాళ్లు చూపించుకోవడానికి వస్తానని నాన్న అంటున్నాడు. సరే అన్నాను.